తొంభై రోజుల ప్లేటు

కరీంనగర్,
20 నవంబర్ 1960

అంబదాస్‌కు,

పన్నెండేళ్ళ తర్వాత రాస్తున్న మొదటి ఉత్తరంలోనే పని చెప్తున్నానని తిట్టుకోకు. పోయిన నెల మా మేనత్త కొడుకు ఆదిలాబాద్‌లో దిగిన పెళ్ళిఫోటో చూపించాడు. వెనక నీ స్టూడియో ముద్ర ఉంది. అట్లా నీ చిరునామా దొరికింది.

నేను ఇక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. ఇంకా టెంపరరీయే. హైదరాబాద్ హాస్టల్లో ఒక్కటే తబీయాత్, అదే ఫిజిక్స్, పుస్తకం కొని ఇద్దరం చదివిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. వెలుతురు మౌజా, జర్రానా, అంటే కెరటమా, రేణువా అని నువ్వు క్లాసులో లేచి అడిగావు. "ఇమ్తిహాన్ పేపర్లో మౌజ్ అని రాయి, బయట నీ ఇష్టం" అన్నారు సార్. తర్వాత నలభై ఎనిమిదిలో పోలీసు చర్యప్పుడు హాస్టల్ ఖాళీ అయింది, మీ నాయన పోయారు, నువ్వు చదువు వదిలి స్టూడియోలో కూర్చున్నావు. ప్రశ్న మాత్రం నాకు అంటగట్టి పోయావు.

దాన్ని పరీక్షించే ఉపాయం ఒకటి దొరికింది. కొత్తది కాదు. యాభై ఏళ్ళ కింద విలాయత్‌లో ఒక విద్యార్థి చేశాడు. మన దగ్గర ఎవరైనా చేసినట్టు నేను వినలేదు.

సన్నని చీలిక గుండా వచ్చే వెలుతురుకు ఎదురుగా కుట్టుసూది నిలబెడితే దాని నీడ ఒక్క గీతగా పడదు. అంచుల్లో నలుపూ తెలుపూ చారలు వస్తాయి. అలలు ఒకదాని మీద ఒకటి పడితేనే అట్లాంటి చారలు రావాలి. కానీ వెలుతురు పొట్లాలుగా వస్తుందని కూడా రుజువైంది. ఆ పొట్లాన్నే క్వాంటం అంటున్నారు. గుంపుగా పోయే పొట్లాలు ఒకదాన్నొకటి తోసుకొని చారలు కడుతున్నాయా? అదే నిజమైతే, పెట్టెలో ఒక్కసారికి ఒక్క పొట్లం కంటే ఎక్కువ లేకుండా వెలుతురును తగ్గించినప్పుడు చారలు చెదిరిపోవాలి. చెదరకుండా వస్తే, ఒంటరిగా పోయే పొట్లం కూడా అలలాగే నడుస్తున్నదన్నమాట.

దీనికి నాలుగడుగుల చీకటిపెట్టె కావాలి. ఒక చివర చీలిక, నడుమ సూది, ఇంకో చివర ఫోటో ప్లేటు. బయట చిన్న దీపం. దీపానికీ చీలికకూ మధ్య మసి పట్టించిన అద్దాలు. అద్దాలు నేను చేసి కొలిచాను. ఒక్కటి పెడితే ప్లేటు నల్లబడటానికి ఒక్క నిమిషం చాలు. ఆపైన పెట్టే ప్రతి అద్దమూ వెలుతురును పంతొమ్మిదో వంతుకు తగ్గిస్తుంది. ఐదు పెడితే అదే నలుపుకు తొంభై రోజులు పడుతుంది. అప్పుడు లెక్క ప్రకారం పెట్టెలోకి రెండు వందల నలభై సార్లు తొంగిచూస్తే ఒక్కసారి ఒక్క పొట్లం ఉంటుంది.

ఇక్కడ చేయలేను. కాలేజీ గోడ అవతలే లారీలు పోతుంటాయి, గోడలు అదురుతాయి. పైగా నాకు ప్లేట్ల పని చేతకాదు, నీకది కూడు పెట్టే విద్య. తొంభై రోజులు దీపం ఆరకుండా చూసి, రోజూ ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. చేస్తావా?

లింగమూర్తి


ఆదిలాబాద్,
4 డిసెంబర్ 1960

లింగమూర్తికి,

అద్దాలు పగలకుండా అందాయి. వాటి మీద నువ్వు వేసిన నంబర్లు చూసి, ఇవి కళ్ళజోడు దుకాణానికా అని పోస్టుమాన్ అడిగాడు.

పన్నెండేళ్ళుగా నేను తీస్తున్నవి పెళ్ళికొడుకులు, నౌకరీ దరఖాస్తులు, కుర్చీలో ఆనించి కూర్చోబెట్టిన చనిపోయిన ముసలివాళ్ళు. సూది ఫోటో తీయమన్నవాడివి నువ్వే. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సగం అర్థమైంది. మూడోసారి మొత్తం అర్థమై, ఆ రోజు స్టూడియో ఆలస్యంగా తెరిచాను.

స్టూడియో వెనక మా తాత పత్తి నిలవ చేయడానికి కట్టించిన రాతి కొట్టు ఉంది. కిటికీ లేదు. తలుపు మూస్తే నీ చేయి నీకు కనబడదు. కరెంటును నమ్మలేను, వస్తే వస్తుంది. అందుకని గ్యాసునూనె దీపమే పెడతాను, చుట్టూ రేకు డబ్బా. పెట్టెను నిర్మల్‌లో బొమ్మలు చేసే వడ్రంగితో చేయిస్తున్నాను. లోపలంతా నలుపు వేయమంటే, "పైన పువ్వులన్న ఏస్త, వట్టిగ ఇస్తే నా పేరు పోతది" అని పట్టుబట్టాడు. ఒప్పుకున్నాను. పువ్వులు బయటే కదా.

మా ఇంటామె సక్కుబాయి నీకు తెలియదు. వాళ్ళది కిన్వట్, ఇంట్లో మరాఠీ. నిన్ను వరసకు మరిదిని చేసి భావూజీ అంటుంది. సంగతి చెప్తే విని, "తొంభై దినాలు దీపం పెట్టి సూది నీడ తీస్తరా? భావూజీకి జర పని లేనట్టుంది" అంది. కానీ సూది ఆమే ఇచ్చింది, మంచిది, వంకర లేనిది.

పదిహేనో తేదీన మొదలుపెడతాను.

నీ
అంబదాస్


ఆదిలాబాద్,
30 జనవరి 1961

లింగమూర్తికి,

ఈరోజుకు నలభై ఆరు రోజులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నూనె పోసి, వత్తి కత్తిరించి, చిమ్నీ తుడుస్తున్నాను. పుస్తకంలో రాసేటప్పుడు నూనె చేతులే. పేజీలన్నీ వేలిముద్రలు, ఏమనుకోకు.

సంక్రాంతి తర్వాత పెళ్ళిళ్ళ గిరాకీ తగ్గింది. ఖాళీగా ఉన్నప్పుడు కొట్టు ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాను. లోపల ఒక్క పొట్లం బయల్దేరి, సూది దాటి, ప్లేటుకు తగిలి ఆగిపోతుంది. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. మళ్ళీ ఇంకోటి. వాటిలో ఏదీ తన ముందు పోయినదాన్ని చూడలేదు. మరి చార ఎక్కడ కట్టాలో దానికెవరు చెప్తారు? ఇది నేను మా వీధిలో ఎవరితో మాట్లాడను? అందుకే నీకు రాస్తున్నాను.

ఒక్కటే కష్టం. నా పనిలో ఏ ప్లేటైనా గంటలో కడిగి చూసేస్తాం. ఇంత కాలం ఆగడం చేతులకు అలవాటు లేదు.

సక్కుబాయి చెల్లెలి కాన్పుకు కిన్వట్ పోతున్నది. మార్చిలో వస్తుంది. అప్పటిదాకా నేనూ, దీపం.

అంబదాస్


కరీంనగర్,
12 ఫిబ్రవరి 1961

అంబదాస్‌కు,

ఒక మంచి కబురు. మే నెలలో హైదరాబాద్‌లో సైన్సు సభ ఉంది. యూనివర్సిటీలో ప్రొఫెసర్ వెంకటేశ్వర్‌రావు గారికి మన పని గురించి రాశాను. ప్లేటు తెచ్చి చూపిస్తే, బాగుంటే, రీసెర్చికి సీటు ఇచ్చే ఆలోచన చేస్తానని జవాబు రాశారు.

ఇక్కడ నా టెంపరరీ నౌకరీ ఏప్రిల్‌తో అయిపోతుంది. మళ్ళీ తీసుకుంటారో లేదో తెలియదు. నీ మీద భారం వేయాలని రాయడం లేదు. కానీ ఇప్పుడు నాకున్న ఆధారం ఆ పెట్టె ఒక్కటే.

లింగమూర్తి


ఆదిలాబాద్,
17 మార్చి 1961

లింగమూర్తికి,

పదిహేనో తేదీకి తొంభై రోజులు నిండాయి. ప్లేటు కడిగాను. చారలు ఉన్నాయి. పత్తిలో చుట్టి, రాసిన పుస్తకంతో పాటు రిజిస్టర్డు పార్సిల్ చేస్తున్నాను. జాగ్రత్తగా విప్పు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి.

అంబదాస్


కరీంనగర్,
26 మార్చి 1961

అంబదాస్‌కు,

పార్సిల్ అందింది. కాలేజీలో అందరూ పోయేదాకా ఆగి విప్పాను. ప్లేటును కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. సూది నీడ, లోపల నడిమధ్య సన్నని గీత, అటూ ఇటూ చారలు, పుస్తకంలో బొమ్మ ఉన్నట్టే ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాను. చారల ఎడం లెక్కకు సరిగ్గా సరిపోయింది. నలుపు కూడా నేను లెక్క వేసినంతే వచ్చింది, ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఒంటరిగా పోయినా చారలు చెదరలేదు, అంబదాస్. హాస్టల్లో నువ్వడిగిన దానికి జవాబు మన చేతుల మీదుగానే వచ్చింది. సభలో చదివే కాగితం మొదలుపెట్టాను. ఇద్దరి పేర్లూ వేస్తున్నాను.

పుస్తకం కూడా చూశాను. చివరి పదహారు రోజులు దీపం ఏమీ ఇబ్బంది పెట్టలేదు కదా?

లింగమూర్తి


ఆదిలాబాద్,
3 ఏప్రిల్ 1961

లింగమూర్తికి,

దీపం ఇబ్బందేమీ పెట్టలేదు. గిరాకీ ఎక్కువగా ఉండి పొడుగు ఉత్తరం రాయలేకపోతున్నాను. నా పేరు వేయకపోయినా పరవాలేదు.

అంబదాస్


కరీంనగర్,
16 మే 1961

అంబదాస్‌కు,

సభ అయింది. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ప్లేటును తెల్లని తెరమీద పెద్దదిగా చేసి చూపించారు. మన సూది నీడ మనిషంత పొడుగు కనబడింది. తర్వాత వెంకటేశ్వర్‌రావు గారు లేచి, "కరెంటు నిలకడ లేని ఊళ్ళో, గ్యాసునూనె దీపంతో చేసిండ్రు. మనం ఇక్కడ సామాను లేదని కూసున్నం" అన్నారు. జులైలో వచ్చి చేరమన్నారు.

దీపం ఎవరు చూశారని అడిగితే నీ పేరు చెప్పాను. పన్నెండేళ్ళ కింద చదువు ఆగిపోయినవాడని కూడా చెప్పాను. నీకు ఇష్టం లేకపోతే క్షమించు. పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి, కత్తిరించి పంపుతున్నాను. తొంభై దినముల ఛాయాచిత్రము అని పేరు పెట్టారు.

లింగమూర్తి


ఆదిలాబాద్,
29 మే 1961

లింగమూర్తికి,

ఈ ఉత్తరం కూర్చొని చదువు.

నువ్వు సభలో చూపించిన ప్లేటు తొంభై రోజులది కాదు. ఒక్క నిమిషంది.

ఫిబ్రవరి ఇరవై ఏడున, డెబ్బై నాలుగో రోజు, ఆగలేకపోయాను. అంతకు రెండు వారాల ముందు వచ్చిన నీ ఉత్తరం జేబులోనే తిప్పుతున్నాను. డెబ్బై నాలుగు రోజులకు ఎంతోకొంత నలుపు రావాలి, చూసి ధైర్యం చెప్పుకుందామని ప్లేటు తీసి కడిగాను. ఏమీ లేదు. చారలు చెదిరిపోవడం కాదు, చారలూ లేవు, నీడా లేదు, వట్టి గాజు. రెండోసారి మందు మార్చి కడిగినా అంతే.

తప్పు నాదే అనుకున్నాను. చీలిక మూసుకుపోయిందో, అద్దాలు సరిగ్గా పెట్టలేదో. మళ్ళీ మొదలుపెట్టాలంటే తొంభై రోజులు. నీ సభ మేలో. చదువు మధ్యలో వదిలినవాడికి ఇంత పని అప్పజెప్పి నీ బతుకు పోగొట్టుకున్నావని అనిపించింది. దీపం ఆర్పేశాను. వారం పది రోజులు కొట్టులోకి పోలేదు. మార్చి పదిహేనున కొత్త ప్లేటు పెట్టి, నాలుగు అద్దాలు తీసేసి, ఒక్కటే ఉంచి, గడియారం చూసి ఒక్క నిమిషం వెలుతురు ఇచ్చాను. నువ్వు రాసిన లెక్కే. పుస్తకంలో మిగిలిన పదహారు రోజులూ ఆ రోజే కూర్చొని నింపాను.

సక్కుబాయి మార్చి ఎనిమిదిన కిన్వట్ నుంచి వచ్చింది. నన్నేమీ అడగలేదు. నువ్వు పంపిన పేపరు ముక్కను నేను స్టూడియో అద్దానికి అంటించాను. వచ్చినవాళ్ళంతా చదివి నా చేయి పట్టుకొని ఊపారు. ఆమె తెలుగు కూడబలుక్కొని చదువుతుంది. నిన్న పొద్దున నిలబడి మొత్తం చదివి అంది:

"నేనొచ్చిన్నాడు దీపం లేకుండె. రేకు డబ్బ మీద చెయ్యి పెట్టి చూసిన, సల్లగుండె. తొంభై దినాలని ఎట్ల రాసిర్రు?"

చెప్పాను. అంతా విని, "నాకు చెప్పుడెందుకు? భావూజీకి రాయున్రి" అంది. పేపరు ముక్క ఆమే నీళ్ళతో తడిపి తీసింది.

నువ్వేం చేసినా నేను ఏమీ అనను. నా పేరు ఒక్కటే బయటపెట్టు. నీకు తెలియదు కనుక నీ తప్పు లేదు.

అంబదాస్


కరీంనగర్,
2 జులై 1961

అంబదాస్‌కు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. మూడింటిలో నిన్ను తిట్టాను. నాలుగోదాంట్లో పెద్దమనిషిలాగా క్షమించాను. చదువుకుంటే తిట్లకంటే అదే పెద్ద అబద్ధంగా అనిపించింది.

నాకు తెలుసు. పార్సిల్ విప్పిన రోజే తెలుసు. డెబ్బై నాలుగు రోజుల పేజీల నిండా నూనె వేలిముద్రలు, మూడు రకాల సిరా, ఒకచోట పెన్సిలు. ఆపైన పదహారు రోజులు ఒకే సిరా, ఒకే ఊపున రాసిన రాత, ఒక్క మరక లేదు. అందుకే దీపం సంగతి అడిగాను. నువ్వు ఇబ్బందేమీ లేదన్నావు. ఆ మాట నాకు కావలసిందే కనుక తీసుకున్నాను. సభలో పుస్తకం చూపించమంటే మొదటి పేజీ తెరిచి పట్టుకున్నాను, చివరి పేజీలు తిప్పలేదు. నువ్వు నా కోసం చేశావు. నేను నా కోసమే చేశాను.

చొప్పదండి పోయి మా అవ్వ దగ్గర వారం ఉన్నాను. అన్నం సరిగ్గా తినకపోతే అడిగింది.

"ఏమైందిరా, నౌకరి పోయిందా?"

"పోలే. ఒక అబద్ధం చెప్పిన."

"ఎవలకు?"

"పెద్ద సార్లకు."

"మరి గాళ్ళకు పోయి చెప్పు. గీడ కూసుంటే ఏమొస్తది?"

మరునాడే హైదరాబాద్ బస్సెక్కాను. వెంకటేశ్వర్‌రావు గారికి నీ ఉత్తరం ఇచ్చాను. పుస్తకం చివరి పేజీలు తెరిచి ముందు పెట్టి, నేను చూసి కూడా దాచానని చెప్పాను. ఆయన చాలాసేపు చదివారు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు" అన్నారు. అవునన్నాను. "సీటు వేరేవాళ్ళకు ఇస్త. కాగితం వాపసు తీసుకున్నట్టు రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. కాలేజీలో మాత్రం ఇంకో ఏడాది ఉంచుకున్నారు.

బయటికి వచ్చేముందు ఆయన ఒక మాట అన్నారు. మసక వెలుతురులో ప్లేటు మొద్దుబారుతుందట. వెలుతురు పంతొమ్మిదో వంతైతే కాలం పంతొమ్మిది రెట్లు చాలదు, ఇంకా ఎక్కువ కావాలి. లైబ్రరీలో చూస్తే నిజమే. కాబట్టి నీ చీలిక మూసుకుపోలేదు, అద్దాలు తప్పు కాలేదు. తప్పింది నా లెక్క. డెబ్బై నాలుగు రోజులకు వట్టి గాజు రావడమే సహజం. ఆ ప్లేటు ఉందా?

మళ్ళీ చేద్దామా? నాలుగు అద్దాలతో చేస్తే తొందరగా అవుతుంది. కానీ అప్పుడు పన్నెండు సార్లు చూస్తే ఒకసారి పొట్లం ఉంటుంది. రెండు కలిసే ఉన్నాయేమో అని ఎవరైనా అడిగితే గట్టిగా చెప్పలేను. ఐదే పెడదాం. తొంభై కాదు, రెండు వందల నలభై రోజులు. ఈసారి ఎవరికీ చెప్పలేదు. తేదీ ఏమీ లేదు.

లింగమూర్తి


ఆదిలాబాద్,
21 జులై 1961

లింగమూర్తికి,

ఆ ప్లేటు లేదు. గీకేసి, ఎవరిదో పెళ్ళిఫోటోకు అద్దం వేశాను.

నిన్న దీపం ముట్టించాను. వానాకాలం చెమ్మకు ప్లేటు పాడవకుండా పెట్టెలో గిన్నెడు పొడిసున్నం పెట్టాను. వారానికోసారి ఎర్రదీపంలో మారుస్తాను. పక్కనే నల్లకాగితంలో చుట్టి ఇంకో ప్లేటు పెట్టాను. దానికి వెలుతురు తగలదు. రెండూ ఒకేసారి కడిగితే ఎంత మసక వేడికీ చెమ్మకూ వచ్చిందో, ఎంత దీపానికి వచ్చిందో తెలుస్తుంది. ఇది నా ఆలోచనే. సరైనదేనా?

పుస్తకం ఈసారి సక్కుబాయి రాస్తుంది. "దీపం మీరు చూడున్రి, రాసుడు నేను రాస్త" అంది. మరాఠీలో రాస్తుంది, నీకు చదవరాకపోతే నేర్చుకో.

నీ ఉత్తరంలో చివరి పేజీల సంగతి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. అడగాల్సినట్టు అడిగి ఉంటే ఏప్రిల్‌లోనే చెప్పేవాణ్ణి అనుకున్నాను. తర్వాత, అడిగావు కదా అనిపించింది.

అంబదాస్


ఆదిలాబాద్,
18 నవంబర్ 1961

లింగమూర్తికి,

నూట ఇరవై ఒకటో రోజు. ఆగస్టులో కొట్టు కప్పు కారింది. నీళ్ళు పెట్టెకు జానెడు దూరంలో పడ్డాయి. గొడుగు కట్టి, మూడు రోజులు అక్కడే పడుకున్నాను. దసరాలో నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే, ఒక సాయంత్రం దీపం ఆరింది. సక్కుబాయి చూసి మళ్ళీ ముట్టించేసరికి నాలుగు గంటలు పోయాయి. పుస్తకంలో "దివా విఝలా" అని రాసింది, దీపం ఆరిందని. "రెండు వందల నలభై దినాల్ల నాలుగు గంటలేం లెక్క, వదిలెయ్యి" అన్నాను. నా వైపు చూసి, గంటలు కూడా వేసింది.

పెట్టె తెరవాలని ఈసారి అనిపించడం లేదు. ఎందుకో నాకూ తెలియదు. పోయినసారి లోపల చారలు ఉండి తీరాలి అనుకొని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఏముంటే అది.

ఒకమాట. స్టూడియో మూసేశాక నీ ఎం.ఎస్సీ. నోట్సులు ఏవైనా ఉంటే చదవాలని ఉంది. వెలుతురు మీదివి చాలు.

అంబదాస్


కరీంనగర్,
25 ఫిబ్రవరి 1962

అంబదాస్‌కు,

నోట్సు రెండో కట్ట కూడా పంపాను. లెక్కలు అర్థం కాని చోట గీత పెట్టి రాయి.

మార్చి పదిహేడుకు నన్ను రమ్మన్నావు, నా ముందే ప్లేటు కడుగుతానని. చాలా ఆలోచించాను. నేను రాను. నేను వస్తే నీ మీద కాపలా ఉన్నట్టు ఉంటుంది. నువ్వే కడుగు. ఏం వస్తే అది పంపు. వట్టి గాజు వస్తే వట్టి గాజే పంపు, ఈసారి గీకకు.

లింగమూర్తి


ఆదిలాబాద్,
20 మార్చి 1962

లింగమూర్తికి,

మూడు రోజుల కింద, పదిహేడో తేదీ మధ్యాహ్నం కడిగాను. స్టూడియోకు తాళం వేసి, సక్కుబాయినీ డార్క్‌రూములోకి పిలిచాను. రెండు ప్లేట్లూ ఒకే తొట్టిలో వేశాను. నల్లకాగితంలో చుట్టింది కొంచెం బూడిదరంగు తిరిగింది, అంతే. రెండోది చాలాసేపు అట్లాగే ఉంది. నాకు పోయినేడాది గుర్తొచ్చింది. తొట్టి ఊపుతూనే ఉన్నాను.

ముందు సక్కుబాయికే కనబడింది. "అగో, సూది" అంది. నీడ వచ్చింది, తర్వాత నడిమధ్య గీత, తర్వాత అంచుల్లో చారలు. ఎడమవైపు నాలుగు లెక్క పెట్టగలిగాను. కుడివైపు మూడు, నాలుగోది ఉందో లేదో చెప్పలేను. పోయినేటి ప్లేటంత నల్లగా లేదు, మసకగా ఉంది. కానీ చారలు చారలుగానే ఉన్నాయి. నేను ఆరబెట్టడం మరిచిపోయి తడి ప్లేటే పట్టుకొని కూర్చున్నాను. "గాలికి దుమ్ము పడ్తది, ఇటియ్యున్రి" అని ఆమే తీసుకొని ఆరబెట్టింది.

రెండు ప్లేట్లూ, ఆమె రాసిన పుస్తకం పంపుతున్నాను. పుస్తకంలో నేను ఒక్క అక్షరం రాయలేదు. చివర సంతకం మాత్రం ఇద్దరం చేశాం.

అంబదాస్


కరీంనగర్,
22 ఏప్రిల్ 1962

అంబదాస్‌కు,

పదిరోజుల కింద అన్నీ తీసుకొని హైదరాబాద్ పోయాను. కబురు చేస్తే వెంకటేశ్వర్‌రావు గారు రానిచ్చారు. గదిలో ఆయనతో పాటు ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు. పాత ప్లేటు ఆయన దగ్గరే ఉంది. రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టి, భూతద్దంతో చారల ఎడం కొలిచారు. ఒకటే వచ్చింది. నిమిషంలో గుంపుగా పోయిన పొట్లాలు ఎక్కడ చారలు కట్టాయో, ఎనిమిది నెలలు ఒక్కొక్కటిగా పోయినవీ అక్కడే కట్టాయి.

లెక్చరర్లలో ఒకాయన నవ్వాడు. "అయితే కష్టమే. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి. ఇదిగూడ నిమిషంల చేసింది కాదని ఎట్ల నమ్మాలె? ఈ మసక ఎండల పెట్టినా వస్తది."

వస్తుందన్నాను. ప్లేటును చూసి చెప్పడానికి ఏమీ లేదన్నాను.

"మరి?"

"మొదటిది అబద్ధమని మీకెట్ల తెలిసింది?"

"ఆ అంబదాస్ ఉత్తరం రాసిండు కాబట్టి."

"ఇది నిజమని రాసింది గూడ ఆయనే."

వెంకటేశ్వర్‌రావు గారు సక్కుబాయి వదినె రాసిన పుస్తకం తీసుకున్నారు. ఆయన ఔరంగాబాద్‌లో చదువుకున్నారట, మరాఠీ వస్తుంది. మొదటి పేజీ నుంచి ఒక్కో పేజీ తిప్పారు. దసరా నాటి పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, "నాలుగు గంటల పదినిమిషాలు" అని పైకి చదివారు. ఆ తర్వాత చివరిదాకా చదివి పుస్తకం మూశారు.

ఈ ఏడు సీట్లు అయిపోయాయి. వచ్చే జూన్‌లో దరఖాస్తు పెట్టమన్నారు, ఇస్తానని అనలేదు. నేనూ అడగలేదు. కానీ కాగితం మాత్రం యూనివర్సిటీ పత్రికలో వేస్తామన్నారు. మొదట ఏం జరిగిందో కూడా అందులో రాయాలన్నారు, ఎవరినీ తగ్గించకుండా, ఎవరినీ దాచకుండా. సరేనన్నాను. నువ్వు చదివి ఒప్పుకున్నాకే పంపుతాను.

నువ్వు గీత పెట్టి పంపిన నాలుగో లెక్కలో తప్పు నాదే. సరిచేసి ఇందులోనే పెట్టాను. నాలుగేళ్ళుగా పిల్లలకు అట్లాగే చెప్తున్నాను. రేపు క్లాసులో చెప్పి సరిదిద్దుకుంటాను.

కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. పేర్లు మూడు. మన ఇద్దరివీ ఎట్లా రాయాలో తెలుసు. వదినె పేరు ఎట్లా రాయాలో ఆమెనే అడిగి, అక్షరం తప్పు పోకుండా పంపు.

లింగమూర్తి